శ్రీ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు

ఫిడేలు విద్వాంసులలో అగ్రగణ్యులైన శ్రీ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించి, విశాఖపట్టణములో పెరిగిరి. చిన్ననాటినుండియు వారికి చూపు తక్కువ. అక్షరములు సరిగా ఆనక బడిచదువు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు తమ్ముని చేతికి ఫిడేలునిచ్చి, దగ్గర కూర్చుండబెట్టుకొని నేర్పిరి.

1919లో, ఇరువదియారేండ్ల ప్రాయమున, నాయుడుగారు విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో ఆచార్యులైరి. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి. బడిలో నిలువలేకపోయిన బాలుడు ఎందరో విద్యార్థులకు గురువాయెను. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ గౌరవములను పొంది, 1964 నవంబరు 25న దివంగతులైరి.

ఈ చరిత్ర షోలాపూరు సాలెవాడలలోని తెలుగు కుటుంబములకును పనికివచ్చును. పుస్తకమును ముక్కుకు ఆనించి చదువు బిడ్డను మందమతి యని వెనుక బల్లకు నెట్టరాదు. కంటిపరీక్ష, కళ్ళజోడు, ముందు వరుసలో చోటు, పెద్ద అక్షరముల పుస్తకము: ఇవి పెద్ద ఖర్చులు కావు. వైకల్యముగల పిల్లలకు బడిలో తగిన సదుపాయములు కల్పింపవలెనని 2016నాటి చట్టమును చెప్పుచున్నది. ప్రతి బిడ్డకు వెంకటకృష్ణయ్యగారివంటి అన్న ఇంటనే దొరకడు. ఆ లోటు తీర్చవలసినవారు ఉపాధ్యాయులు, ఊరిలోని కలిగిన పెద్దలు.