మూగశిలలను పలికించిన ప్రిన్సెపు

ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లలో ఒక శిలాస్తంభము కలదు. 14వ శతాబ్దమున ఫిరోజ్‌షా తుగ్లకు దానిని తోప్రా గ్రామమునుండి తెప్పించెను. దానిమీది ప్రాచీనలిపిని చదువగల పండితుడొక్కడును అతనికి లభింపలేదు. తరువాత అయిదు శతాబ్దములకు ఆ లిపిని చదివినవాడు ఒక టంకశాల ఉద్యోగి.

జేమ్సు ప్రిన్సెపు 1799లో ఇంగ్లండున జన్మించెను. 1819లో కలకత్తా టంకశాలకు లోహపరీక్షకుని సహాయకుడుగా వచ్చి, పిమ్మట పదేండ్లు కాశీ టంకశాలలో పనిచేసెను. 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి కార్యదర్శి ఆయెను. పగలు కొలువు, తీరిక వేళల శాసనపరిశోధన అతని దినచర్య. కమలాకాంత విద్యాలంకారుడు మొదలగు దేశీయపండితులు అతనికి తోడ్పడిరి.

సాంచీస్తూపముపై గల చిన్న శాసనములు పెక్కు ఒకే మాటతో ముగియుట అతడు గమనించెను. అవి దాతలు చెక్కించినవనియు, ఆ మాట దానమనియు ఊహించెను. ఆ తాళపుచెవితో 1837లో బ్రాహ్మీలిపి తెరువబడెను. శాసనములలోని ప్రియదర్శి సింహళరాజని అతడు మొదట భ్రమించెను. సింహళమునుండి టర్నరు పాలిగ్రంథముల ఆధారముతో అతడు అశోకుడే యని తెలుపగా, తన పొరపాటును వెంటనే దిద్దుకొనెను.

విశ్రాంతి యెరుగని శ్రమచే ఆరోగ్యము చెడి 1838లో స్వదేశమునకు మరలెను. 1840 ఏప్రిల్ 22న, నలువదియవ యేట, లండనులో మరణించెను.

1915లో దొరకిన మాస్కి శాసనమున అశోకుని పేరే కనబడి ఆ నిర్ణయము స్థిరపడెను. కర్నూలు మండలమందలి ఎర్రగుడి శిలలు నేడు మనకు బోధపడుటకు అతని కృషియే మూలము. 1950 జనవరి 26న అశోకుని సారనాథ సింహములు భారతరాజ్యచిహ్నమయ్యెను. పరప్రభుత్వపు కొలువుననుండియు, ఈ జాతికి మరచిపోయిన చక్రవర్తిని తిరిగి అప్పగించిన ఆ ఉద్యోగి చిరస్మరణీయుడు.