సత్యాన్వేషి సమౌఅల్ అల్ మగ్‌రిబీ

యూదులూ, క్రైస్తవులూ ఇరువురూ దైవగ్రంథం చదివేవారే. అయినప్పటికీ ఎదుటివారి ధర్మానికి ఏ ఆధారమూ లేదని ఒకరి గురించి ఒకరు అనుకుంటారని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా (2:113) తెలియజేస్తోంది. వారి వివాదంలో రెండు విషయాలు ముఖ్యమైనవి. మొదటిది దైవదౌత్యం. ఈసా (అలైహిస్సలాం)ను యూదులు ప్రవక్తగా అంగీకరించలేదు. క్రైస్తవులేమో ఆయనను దైవకుమారుడనేదాకా వెళ్ళారు. రెండవది ధర్మశాస్త్రం. మూసా (అలైహిస్సలాం)కు ఇవ్వబడిన షరీఅత్ ఎన్నటికీ మారదని యూదులు అన్నారు. సున్తీ, శనివార నియమం, ఆహార నిషేధాలు తమకు వర్తించవని క్రైస్తవులలో అత్యధికులు భావించారు.

ఈ రెండు ప్రశ్నలకూ నిజాయితీగా సమాధానం వెతికి, అందుకు తగిన మూల్యం చెల్లించిన యూద పండితుడు సమౌఅల్ బిన్ యహ్యా అల్ మగ్‌రిబీ.

బాల్యం, విద్యాభ్యాసం

సమౌఅల్ సుమారు 1130లో బాగ్దాద్‌లో జన్మించారు. తండ్రి మొరాకోలోని ఫాస్ నగరం నుంచి వచ్చిన యూద మతపండితుడు, హీబ్రూ కవి. తల్లి బస్రాకు చెందిన విద్యావంతురాలు. చాలాకాలం సంతానం లేక, ఎన్నో ప్రార్థనల తర్వాత పుట్టిన కొడుకు కనుక సమూయేల్ ప్రవక్త పేరే పెట్టుకున్నారు.

పదమూడేళ్ళ వయసుకు తౌరాత్ చదువు ముగిసింది. ఆ తర్వాత భారతదేశం నుంచి వచ్చిన అంకగణితం, రేఖాగణితం, వైద్యం నేర్చుకున్నారు. పందొమ్మిదేళ్ళకే బీజగణితంపై ‘అల్ బాహిర్’ అనే గొప్ప గ్రంథం రాశారు. వైద్యుడిగా ఇరాక్, సిరియా, అజర్‌బైజాన్ ప్రాంతాలలో పేరు గడించారు.

ఒకే కొలబద్ద

గణితం ఆయనకు ఒక అలవాటు నేర్పింది. రుజువు లేనిదే దేనినీ ఒప్పుకోకపోవడం. ఆ అలవాటుతోనే తన మతాన్ని పరిశీలించుకున్నారు. తాను మూసా (అలైహిస్సలాం)ను చూడలేదు, ఆయన మహిమలనూ చూడలేదు. మరి ఎందుకు నమ్ముతున్నాడు? తాతముత్తాతలు నమ్మారు గనుకనా? అలాగైతే ప్రతి జాతి వారూ తమ పెద్దలను అనుసరిస్తూనే ఉన్నారు. అందరి మాటా నిజం కాజాలదు. లేక తరతరాలుగా అసంఖ్యాక ప్రజలు సాక్ష్యమిస్తూ వచ్చారు గనుకనా? అటువంటి సాక్ష్యం ఈసా (అలైహిస్సలాం) విషయంలోనూ, ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) విషయంలోనూ ఉంది. ఒకరి విషయంలో అంగీకరించిన సాక్ష్యాన్ని మరొకరి విషయంలో త్రోసిపుచ్చడం న్యాయం కాదు.

షరీఅత్ విషయంలోనూ ఇదే పద్ధతిలో ఆలోచించారు. తౌరాత్ కంటే ముందు దైవాజ్ఞలు ఉన్నాయా? ఉన్నాయి. ప్రాణహత్యపై నిషేధం నూహ్ (అలైహిస్సలాం) కాలంలోనూ, సున్తీ ఆదేశం ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) కాలంలోనూ ఉన్నాయని తౌరాతే చెబుతోంది. శనివారం పని చేయడం అంతకుముందు ధర్మసమ్మతమే. మూసా (అలైహిస్సలాం) షరీఅత్‌లో అది నిషిద్ధమైంది. అంటే ఒక ఆజ్ఞ స్థానంలో అల్లాహ్ మరొక ఆజ్ఞ ఇచ్చాడన్న మాట. అలాంటప్పుడు ఆ షరీఅత్ తర్వాత మరొక షరీఅత్ రావడం అసాధ్యమని ఎలా అనగలరు? ఈసా (అలైహిస్సలాం) తౌరాత్‌ను ధ్రువీకరిస్తూనే, నిషేధించబడిన కొన్నింటిని ధర్మసమ్మతం చేయడానికి వచ్చారని ఖుర్ఆన్ (3:50) చెప్పడంలోని అంతరార్థం కూడా ఇదే.

తండ్రిపై ప్రేమ

బుద్ధి అంగీకరించింది. అయినా అడుగు ముందుకు పడలేదు. కారణం తండ్రి. తన ఏకైక కుమారుడు మతం మారితే ఆ వృద్ధుని గుండె పగులుతుందని సమౌఅల్‌కు తెలుసు. అందుకే ఏళ్ళ తరబడి మనసులోని మాట మనసులోనే దాచుకున్నారు.

చివరికి హిజ్రీ 558 జుల్‌హిజ్జా నెలలో, అంటే 1163 నవంబరులో, మరాగా పట్టణంలో ఆయనకు కల వచ్చింది. అందులో సమూయేల్ ప్రవక్తనూ, మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)నూ చూశారు. ఇక ఆలస్యం చేయకుండా ఇస్లాం స్వీకరించారు. ‘ఇఫ్హాముల్ యహూద్’ అనే గ్రంథంలో తన వాదనలను పొందుపరిచారు. కల సంగతి మాత్రం దాదాపు నాలుగేళ్ళు బయటపెట్టలేదు. కేవలం కల చూసి మతం మారాడని జనం అనుకోరాదన్నది ఆయన ఉద్దేశం. తన నిర్ణయానికి పునాది ఆధారాలేననీ, కల తనను మేల్కొలిపిన హెచ్చరిక మాత్రమేననీ స్పష్టం చేశారు.

హలబ్‌లో ఉన్న తండ్రికి అన్నీ వివరిస్తూ లేఖ రాశారు. తండ్రి కొడుకును చూడటానికి బయలుదేరి, దారిలో మౌసిల్‌లో కన్నుమూశారు. సత్యం కోసం సమౌఅల్ చెల్లించిన మూల్యం ఇది. ఆ తర్వాత పది పదిహేనేళ్ళకు ఆయన కూడా మరాగాలోనే మరణించారు.

మనకు పాఠం

సమౌఅల్ రచనలో కాఠిన్యం లేకపోలేదు. బాగ్దాద్ యూద తత్వవేత్త ఇబ్న్ కమ్మూనా 1280లో రాసిన గ్రంథంలో ఆయన వాదనలకు బదులిచ్చారు. గ్రంథప్రజలతో ఉత్తమ రీతిలోనే వాదించాలన్న ఖుర్ఆన్ ఆదేశం (29:46) మనం మరువరాదు.

అయితే సమౌఅల్ వేసుకున్న ప్రశ్న యూదులకూ, క్రైస్తవులకూ మాత్రమే పరిమితం కాదు. ముస్లిం ఇంట్లో పుట్టిన మనం కూడా ఆలోచించాలి. మన విశ్వాసం తెలుసుకుని నమ్మినదా, లేక తండ్రి ఆస్తిలా వారసత్వంగా దక్కినదా? పెద్దలను గుడ్డిగా అనుసరించడాన్ని ఖుర్ఆన్ పలుచోట్ల ఖండించింది. ఇతరులకు వర్తింపజేసే కొలబద్దను మనకు కూడా వర్తింపజేసుకున్నప్పుడే మన విశ్వాసం దృఢమవుతుంది.

తెలిసి విశ్వసించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.