గుండె మోటారుకు కరెంటు కనుగొన్న సుబ్బారావు గారు

మన అనంతపురం సీమలో బోరుబావి మోటారు సంగతి ఎరుగనివారుండరు. భూమిలో నీరున్నా కరెంటు లేనిదే చుక్క పైకి రాదు. గుండె కండరపు కణాలలోనూ అట్టి మోటార్లే ఉన్నవి. అవి సోడియంను వెలుపలికి, పొటాషియంను లోనికి తోడుతూ, ప్రతి స్పందన పిదప కాల్షియంను దాని నెలవులకు చేరుస్తూ అహోరాత్రములు శ్రమిస్తవి. వాటికి కరెంటు వంటిది ఎ.టి.పి. అను పదార్థం. దానిని కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారే, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

వీరు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పి మూడవసారి గట్టెక్కారు. (ఫలితాలు చూచి క్రుంగిపోయే మన మిత్రులు ఈ సంగతి గమనింతురుగాక!) మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియైనారు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసివచ్చింది. బోస్టన్ చేరి, హార్వర్డులో చదువుతూ, పొట్టకూటికై ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరిచారు.

అచటనే సైరస్ ఫిస్కేతో కలిసి, నీలిరంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరాన్ని లెక్కించే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి చేతబట్టి కండరాన్ని శోధించగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడినవి. ఆ ఏడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఎ.టి.పి.ని వేరుగా కనుగొన్నారు. కణపు మోటార్లు ఎంత ఎ.టి.పి. ఖర్చుచేస్తున్నవో కొలుచుటకు తరువాతి శాస్త్రజ్ఞులు ఆ నీలిరంగునే విరివిగా ఆశ్రయించారు.

ఎ.టి.పి. పని అంతటితో తీరదు. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం అందుకోగానే మన గుండె దడదడలాడుతుంది కదా! అడ్రినలిన్ గుండె కణంపై గల బీటా గ్రాహకాన్ని తాకగానే లోపల ఎ.టి.పి. నుండి చక్రీయ ఎ.ఎం.పి. తయారవుతుంది. దాని ప్రేరణతో కాల్షియం ద్వారాలు మరింతగా తెరుచుకొంటవి. కాల్షియంను తిరిగి తోడే మోటారూ వేగం పుంజుకొంటుంది. స్పందన బలమూ జోరూ హెచ్చుతవి. 1960వ దశకంలో జేమ్స్ బ్లాక్ రూపొందించిన ప్రొప్రానొలాల్ వంటి బీటా నిరోధకాలు ఆ గ్రాహకాన్ని ముందుగానే ఆక్రమించి కూర్చుంటవి. అడ్రినలిన్‌కు చోటు దొరకదు. కాల్షియం రాక తగ్గుతుంది. గుండె నెమ్మదించి తక్కువ ప్రాణవాయువుతో సరిపెట్టుకొంటుంది. బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమానం లభించింది.

సుబ్బారావు గారికి హార్వర్డు స్థిరమైన ఆచార్య పదవి సైతం ఇవ్వలేదు. ఇది మాకు నేటికీ మింగుడుపడని విషయం. 1940లో వారు లెడర్లే ప్రయోగశాలకు వెళ్ళిపోయారు. ఫోలిక్ ఆమ్లపు తయారీ, బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ వారి నాయకత్వాన అచట వెలువడినవే.

1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్కులో ఒక రాత్రి నిద్రించిన సుబ్బారావు గారు మరి లేవలేదు. నిద్రలోనే గుండె ఆగింది. బీటా నిరోధకాలు అప్పటికింకా పుట్టలేదు.