భక్త రామదాసు

విజయవాడ ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న అక్కన్న మాదన్న గుహలు గోల్కొండ మంత్రులైన ఆ సోదరుల పేరును నేటికీ స్మరింపజేస్తున్నాయి. వారి మేనల్లుడుగా ప్రసిద్ధుడు కంచర్ల గోపన్న. నేలకొండపల్లిలో జన్మించిన ఆయన అబుల్ హసన్ తానీషా పాలనలో (1672–1687) పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నియుక్తుడయ్యాడు.

పోకల దమ్మక్క అనే భక్తురాలు పందిరి వేసి కొలిచిన భద్రాద్రి రామునికి గోపన్న ఆలయం కట్టించి, ఆభరణాలు చేయించాడు. ప్రభుత్వ ధనాన్ని వెచ్చించాడన్న నేరానికి గోల్కొండలో బందీ అయ్యాడు. పన్నెండేళ్లు చిత్రహింసలు అనుభవించాడని సంప్రదాయం. ఆ వేదనతో నగల ఖర్చును లెక్కగట్టి రాముణ్ణి నిలదీస్తూ కీర్తన చెప్పాడు. మరుక్షణమే మన్నింపు వేడుకొన్నాడు.

యూదుల పవిత్రగ్రంథంలోని యోబు కూడ సంతానాన్ని, సంపదను, ఆరోగ్యాన్ని కోల్పోయి దైవన్యాయాన్ని ప్రశ్నించాడు. బాధ పాపఫలమేనన్న మిత్రుల మాటను ఆయన అంగీకరించలేదు. చివరకు దేవుడు ఆ మిత్రులనే మందలించాడు. గోపన్న విషయంలో మాత్రం, పూర్వజన్మలో చిలుకను పంజరంలో బంధించిన ఫలమే ఆ చెర అని జనశ్రుతి. ఈ సమాధానాలు వేరు. కాని దైవాన్ని ప్రశ్నించడం దైవాన్ని విడవడం కాదని ఇద్దరి జీవితాలూ నిరూపిస్తున్నాయి. వినేవాడున్నాడన్న నమ్మకం లేనివాడు మొరపెట్టుకోడు కదా!

రామలక్ష్మణులే వచ్చి పైకం చెల్లించి గోపన్నను విడిపించారని ప్రజల విశ్వాసం. 1686లో అక్కన్న మాదన్నలు హతులయ్యారు. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. రామదాసు కీర్తనలు మాత్రం తెలుగువారి భజనలలో నేటికీ వినిపిస్తున్నాయి.