గాస్తన్ కెర్దూ పాదిరి జీవితము

గ్రంథాలయమున పుస్తకమును చేతబట్టినవాడు మొదట దాని పేరు చూచును. పిదప వ్రాసినవాని పేరు చూచును. ఆ రెండవ పేరు తప్పుగా పడినచో ఒక మనిషి చేసిన పని మరియొకని ఖాతాలో చేరును. అట్లు చేరిన పని తిరిగి స్వంతదారుని పేరిటికి వచ్చుటకు ఒక్కొక్కప్పుడు నూటయేబది యేండ్లు పట్టవచ్చును. అట్టి అనుభవము పొందిన పండితుడొకడు మన తెలుగును నేర్చి, తెలుగునకు నిఘంటువు కూర్చిన ఫ్రెంచి పాదిరి. ఆయన జీవితమును ఈ రజతోత్సవ సంచికలో పాఠక మహాశయుల ముందుంచుట ఉచితమని తలచితిని.

మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమలలో క్రైస్తవ మతమనగానే పెద్దలకు జ్ఞాపకము వచ్చునది అమెరికా బాప్టిస్టు మిషను, ఒంగోలు క్లౌ దొరగారు. అంతకు నూటయేబది యేండ్లకు పైగా ముందే రోమన్ కతోలిక మతము తెలుగు మెట్టసీమలకు వచ్చినది. ఆ మతముతోపాటు వచ్చిన ధర్మసందేహములు నేటికిని మన ఊళ్లలో చర్చకు వచ్చుచునే యున్నవి. కెర్దూ జీవితమున అవి యన్నియు ఒక్కచోట కానవచ్చును.

గాస్తన్ లారెంట్ కెర్దూ 1691వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఫ్రాన్సు దేశమందలి బూర్జ్ పట్టణమున జన్మించెను. 1715లో జెసూట్ సభయందు చేరెను. విద్యాభ్యాసమునకు, పై అధికారులయెడ విధేయతకు, దూరదేశములలో మతప్రచారమునకు ఆ సభ పేరొందినది. 1732లో ఆయన హిందూదేశమునకు వచ్చెను. పుదుచ్చేరి అప్పుడు ఫ్రెంచివారి ముఖ్యస్థానము. అచ్చటి జెసూట్ పాదిరులు కర్ణాటక మిషను అను పేర లోపలి తెలుగు సీమలలో పనిచేయుచుండిరి. పుంగనూరు, కృష్ణాపురము మొదలగు గ్రామములు వారికి కేంద్రములు. కెర్దూ ఆ మిషనులో చేరి తెలుగు నేర్చెను. తెలుగు పండితుల మూలమున సంస్కృతమును గ్రహించెను.

ఆ పాదిరుల జీవితవిధానమును గూర్చి కొంత చెప్పవలెను. 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నొబిలి అను ఇటలీ దేశపు జెసూట్ పాదిరి యొక త్రోవ వేసెను. ఈ దేశమున పెద్దకులములవారు తన మాట వినవలెనన్న తాను సన్న్యాసివలె జీవింపవలెనని ఆయన తలచెను. కాషాయము ధరించి, మాంసము విడిచి, శాకాహారముతో కాలము గడపెను. తెలుగు సీమకు వచ్చిన ఫ్రెంచి పాదిరులును ఆ త్రోవనే పట్టిరి. వారి మాట విని కొన్ని రెడ్డి కుటుంబములవారు మతము పుచ్చుకొనిరి. పిదప ఆ కుటుంబములలో కొన్ని గుంటూరు సీమవైపు వలసపోయి, తమ విశ్వాసమును వెంట గొనిపోయినవి.

అయితే ఆ వేషమునకు చెల్లింపవలసిన మూల్యమొకటి యుండెను. సన్న్యాసిగా గౌరవము నిలువవలెనన్న అంటరానివారని వెలివేయబడినవారి ఇండ్లలో అడుగు పెట్టరాదు. మరి వారిలోను క్రైస్తవులైనవారుండిరి. అట్టివాడొకడు మరణశయ్యపై నుండి కడపటి సంస్కారము కోరినచో పాదిరి ఆ గుడిసెలోనికి పోవలెనా, రోగిని మోసికొని వెలుపలికి తీసికొని రమ్మనవలెనా? దేవుని యెదుట అందరును సమానులని బోధించువాడు ఆ గుమ్మముకడ ఏల ఆగవలెను? ఈ ప్రశ్న రోమాపురివరకు పోయెను. పోపుగారి ప్రతినిధియైన టూర్నాన్ 1704లో పుదుచ్చేరియందు ఒక శాసనము వెలువరించి, అట్టి రోగులను వారి ఇండ్లకే పోయి చూడవలెనని ఆజ్ఞాపించెను. పాదిరులు దానిపై విజ్ఞాపనలు పంపిరి. వాదము నలువది యేండ్లు సాగెను. తుదకు 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పు టూర్నాన్ శాసనమును నిలిపినది; కాని వెలివాడల సేవకై ప్రత్యేకముగా కొందరు పాదిరులను నియమించుటకు అంగీకరించినది. గుమ్మము దాటుట కర్తవ్యమయ్యెను; దాటువారు మాత్రము వేరుగా ఏర్పడిరి. సమస్య తీరినదనుటకు లేదు, తీరలేదనుటకును లేదు.

ఆ 1744లోనే కెర్దూ కర్ణాటక మిషనుకు అధిపతి యయ్యెను. అంతకు రెండేండ్లకు ముందు ఆయన వ్రాసిన లేఖ యొకటి యూరపునందు ప్రసిద్ధి కెక్కినది. మన తీరమున అద్దకపు బట్టలకు రంగులు వేయు విధానమును 1742 జనవరిలో ఆయన ఫ్రాన్సుకు వివరముగా వ్రాసి పంపెను. నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడుపుట, పటికనీటితో గీతలు గీయుట, చిరివేరుతో ఉడికించి ఎరుపు తెచ్చుట, ఇనుపనీటితో నలుపు దిద్దుట, మైనము పూసి నీలిమందులో ముంచుట మొదలగునవన్నియు అందు గలవు. పాలలోని కొవ్వు వలన రంగు పాకక గీత సన్నముగా నిలుచునన్న విషయము కూడ ఆయన దృష్టిని దాటలేదు.

ఈ రహస్యములను ఆయనకు చెప్పినవారు ఆ పనివారే. వారిలో కొందరు ఆయన చేత మతము పుచ్చుకొన్నవారు. తాతముత్తాతలనాటి నుండి వచ్చిన విద్యను గురువు అడిగినాడు గనుక దాచక చెప్పిరి. నాడు ఫ్రాన్సునందు తమ పట్టు, ఉన్ని పరిశ్రమలను కాపాడుకొనుటకై ఇట్టి అద్దకపు బట్టలపై నిషేధముండెను. 1759లో ఆ నిషేధము తొలగగా అచ్చటనే అద్దకపు కర్మాగారములు లేచినవి. మన తీరపు అద్దకమునకు తరువాత కలిగిన క్షీణతకు ఈ ఒక్క లేఖయే కారణమనుట సరికాదు. యంత్రములు, కుంపిణీ వ్యాపారము మొదలగు కారణములు పెక్కులు గలవు. అయినను శిష్యుడు గురువునందుంచిన నమ్మకము ఎంతవరకు వినియోగింపదగినది అను ప్రశ్న మిగులును. లేఖ పాదిరి పేరున అచ్చయ్యెను. రంగు తెలిసినవారి పేర్లు అందు నిలువలేదు.

కెర్దూ అధికారమునందున్న కాలమును చూచుటకు మనకొక మంచి సాక్షి యున్నాడు. ఆయన ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసియైన ఆనందరంగ పిళ్లై. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమైన ఆనందరంగరాట్ఛందమును అంకితమిచ్చినది ఈయనకే. పిళ్లై తమిళమున వ్రాసికొన్న దినచర్య ఆ కాలపు చరిత్రకు నిధి. 1745లో పుదుచ్చేరి చర్చిలో పెద్దకులముల క్రైస్తవులకును, వెలివేయబడిన క్రైస్తవులకును నడుమ అడ్డుగోడ యుండెనని, వెలివేయబడినవారు పాదిరిని న్యాయము కోరగా ఆ గోడ తీసివేయబడెనని, దానిపై పెద్దకులములవారు కలత చెందిరని అందు గలదు. వాదము రోమునందు తీరినను చర్చిలో తీరలేదని దీనివలన తెలియుచున్నది.

అదే దినచర్యలో మరియొక సంగతి గలదు. అది బాధాకరమైనను దాచరాదు. 1748 సెప్టెంబరులో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించినప్పుడు, జెసూట్ చర్చికి ప్రక్కనున్న వేదపురీశ్వరుని ఆలయమును ఫ్రెంచివారు పడగొట్టిరి. ఆ విధ్వంసమున కెర్దూ స్వయముగా పాల్గొనెనని పిళ్లై వ్రాసెను. ఆ ఆలయమును తొలగింపవలెనని పాదిరులు అనేక వత్సరములుగా కోరుచుండిరి. యుద్ధము వారికి అదను నిచ్చెను. సంస్కృతమును ప్రేమించినవాడు, పండితులతో కూర్చుండి శబ్దముల మూలములు వెదకినవాడు, వారు మ్రొక్కు గుడిపై చేయి చేసికొనెను. పాండిత్యము మనిషిని తనంతట తానే ఉదారుని చేయదని ఈ సంఘటన చెప్పక చెప్పుచున్నది.

పిదప ఆయనకే కష్టకాలము వచ్చెను. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని పట్టణమును నేలమట్టము చేసిరి. 1764లో ఫ్రాన్సు రాజు తన రాజ్యమున జెసూట్ సభను రద్దుపరచెను. 1773లో పోపు పదునాలుగవ క్లెమెంటు లోకమంతటను ఆ సభను రద్దు చేసెను. ఏ సభకై యౌవనమున దేశమును విడిచెనో ఆ సభయే ఆయన వార్ధకమున లేకపోయెను. కెర్దూ స్వదేశమునకు పోలేదు. పుదుచ్చేరిలోనే యుండి చదువుచు, వ్రాయుచు కాలము గడపెను. తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి భాషలకు ఆయన కూర్చిన నిఘంటువు ఆయన పరిశ్రమకు ఫలము. బ్రౌను దొరగారి తెలుగు నిఘంటువు వెలువడినది 1852లో. కెర్దూ శ్రమ దానికి సుమారు నూరేండ్లు ముందటిది. కాని అచ్చునకు రాక వ్రాతప్రతిగానే నిలిచినది.

1767లో ఆయన చేసిన పని వీటన్నింటికంటె గొప్పది. ప్యారిసునందలి పండితుడు బార్తెలెమీ హిందూదేశమును గూర్చి కొన్ని ప్రశ్నలు పంపగా, కెర్దూ ప్రత్యుత్తరమున ఒక క్రొత్త విషయము లేవనెత్తెను. సంస్కృతమునందు లాటిను, గ్రీకు పదములను పోలిన పదములు అన్ని యేల ఉన్నవి? మనము దానమనుదానిని లాటినువారు దోనుమందురు. మన విధవను వారు విదువా అందురు. మన అగ్ని వారికి ఇగ్నిస్. పదములే గాక అస్మి, అసి, అస్తి అను క్రియారూపములు కూడ ఆ భాషలలోని రూపములతో సరిపోవుచున్నవి. వర్తకము వలన వచ్చినవా, దండయాత్రల వలన వచ్చినవా అని ఆయన ఒక్కొక్క కారణమును పరిశీలించి త్రోసివేసెను. వర్తకుడు సరకు పేరు తెచ్చునుగాని క్రియావిభక్తులను తేలేడు. కాబట్టి ఈ జాతుల పూర్వులు ఒకప్పుడు ఒక్క భాష మాటాడినవారై యుందురని నిర్ణయించెను. దానికి బైబిలునందలి నోవహు సంతతి కథను ఆధారము చేసికొనుట ఆ కాలపు పరిమితి. పరిశీలన మాత్రము సరియైనది.

సర్ విలియం జోన్సు కలకత్తాలో ఇట్టి అభిప్రాయమును ప్రకటించినది 1786లో. కెర్దూ లేఖ అంతకు 19 సంవత్సరములు ముందటిది. కాని ప్యారిసు పండిత పరిషత్తు దానిని అచ్చువేసినది 1808లో. ఆలస్యముగా వచ్చిన సాక్షి మాటవలె ఆ లేఖ వెనుకబడిపోయెను. కీర్తి జోన్సుకు దక్కెను. జోన్సు దీనిని చూచి వ్రాసెనని ఎవరును చెప్పలేరు. అది కాలము చేసిన అన్యాయము.

రెండవ అన్యాయము అట్టిది కాదు. ఈ దేశపు ఆచారవ్యవహారములను గూర్చి కెర్దూ పెద్ద గ్రంథమొకటి వ్రాసియుంచెను. 1779 జూను 15న పుదుచ్చేరిలో ఆయన మరణించెను. 1792లో వచ్చిన దుబువా అను మరియొక ఫ్రెంచి పాదిరి అదే విషయముపై వ్రాసిన గ్రంథమును ఈస్టిండియా కుంపిణీవారు కొనిరి. దాని ఆంగ్లానువాదము 1816లో లండనునందు వెలువడి, దొరలకు హిందూదేశమును తెలుపు ముఖ్యగ్రంథమయ్యెను. 1987లో సిల్వియా మూర్ అను ఫ్రెంచి విదుషి, కెర్దూ వ్రాతను ఆధారము చేసికొని దెవో అను ఫ్రెంచి సైనికోద్యోగి 1777లో సిద్ధపరచిన ప్రతిని లండనులో కనుగొని పోల్చి, దుబువా పుస్తకమునకు మూలము కెర్దూ రచనయేయని నిరూపించెను. దుబువా తన మూలకర్త పేరు చెప్పలేదు.

ఇతరుల విద్యను తన పేరున పంపినవాని విద్య మరియొకని పేరున చెల్లుబాటయ్యెను. దీనిని దైవదండనమని తలచుట మన పని కాదు. అద్దకపువానికి కెర్దూ పెట్టిన బాకీ, దుబువా కెర్దూకు పెట్టిన బాకీ ఒకే జాతివి అని గుర్తించిన చాలును. ఒక భేదము మాత్రము గలదు. కెర్దూ పేరును వెదకి తీయుటకు వ్రాతప్రతి యుండెను. అద్దకపువాని పేరును, సంస్కృతము చెప్పిన పండితుని పేరును వెదకి తీయుటకు ఏదియు లేదు.

ఇక మన సీమకు వత్తము. చర్చి గుమ్మముకడ నిలిచిన ఆ పాత ప్రశ్న నూరేండ్ల పిమ్మట గుండ్లకమ్మ తీరమున మరల లేచెను. బాప్టిస్టులకును కతోలికులకును సిద్ధాంతభేదము లున్నను ప్రశ్న యొక్కటియే. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొరకడకు మాదిగలు రాగా, వారిని చేర్చుకొనినచో తాము రామని పెద్దకులములవారు తెలిపిరి. ఆయన మాదిగలనే చేర్చుకొనెను. నల్లమలలో పుట్టి కంభము చెరువును నింపి, మార్కాపురము సీమ మీదుగా పారు గుండ్లకమ్మలో, వెల్లంపల్లికడ 1878 జూలై 3వ తేదీ యొక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1882లో కంభమునందు, 1895లో మార్కాపురమునందు ఆ మిషను స్థానము లేర్పడినవి. అది కరవు వెన్నంటి వచ్చిన కాలము గనుక, ఆకలి మార్చినదా, విశ్వాసము మార్చినదా అను వాదము నాడే పుట్టెను. నొబిలి, కెర్దూల త్రోవలో గౌరవము ముందు, గుడిసె వెనుక. క్లౌ త్రోవలో గుడిసె ముందు. ఏ త్రోవలోనైనను గోడ పూర్తిగా పడిపోయినదని చెప్పజాలము. కొన్ని ఊళ్లలో శ్మశానములకు నేటికిని వేరువేరు దారులున్నవి. ఈ దోషము ఒక్క మతమునకే పరిమితము కాదు.

కెర్దూ మహాత్ముడని గాని దుర్మార్గుడని గాని తీర్పు చెప్పుట సులభము. రెండును సగము సత్యములే. భాషల చుట్టరికమును చూచిన కన్ను ప్రక్కనున్న గుడిలోని భక్తిని చూడలేకపోయెను. ఆయన నుండి మనము తీసికొనవలసినది ఆ పరిశ్రమ. విడువవలసినది ఆ అసహనము. మన గ్రంథాలయమునందు గల ప్రతి పుస్తకమునకును పట్టికలో కర్త పేరు వ్రాసియుండును. ఇకమీదట మన పల్లెల వృద్ధులు చెప్పు కథలను, పనివారు చెప్పు పనితనమును వ్రాసి భద్రపరచువారు చెప్పినవారి పేరును, ఊరును కూడ ఆ పట్టికలో చేర్చుదురుగాక. పాతికేండ్లు నిండిన ఈ గ్రంథాలయము చేయదగిన సేవలలో అది యొకటి.