ఫెలిక్స్ డెరెల్

ఫెలిక్స్ డెరెల్ (ఏప్రిల్ 25, 1873 - ఫిబ్రవరి 22, 1949) బాక్టీరియాను సంహరించే వైరస్‌ల పరిశోధనకు పునాది వేసిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త. ఈ వైరస్‌లకు బాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టినది ఈయనే. వీటినే క్లుప్తంగా ఫేజ్‌లు అంటారు. తెలుగునాట గత్తరగా, మహమ్మారిగా ప్రజలను వణికించిన కలరాపై వీటిని భారతదేశంలో ప్రయోగించినందువలన మన వైద్య చరిత్రలోనూ ఈయనకు స్థానమున్నది.

తొలి జీవితం

డెరెల్ తాను కెనడాలోని మాంట్రియల్‌లో జన్మించినట్లు చెప్పుకొన్నాడు. జన్మస్థలం పారిస్ అని చరిత్రకారులు తరువాత నిర్ధారించారు. విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే ఈ శాస్త్రాన్ని స్వయంకృషితో అభ్యసించాడు. గ్వాటెమాలా, మెక్సికోలలో పనిచేసి, 1911లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో జీతం లేని సహాయకుడిగా చేరాడు.

ఆవిష్కరణ

1915లో ఫ్రెంచి సైనికులలో రక్తవిరేచనాలు ప్రబలాయి. రోగుల మలాన్ని బాక్టీరియా సైతం దూరలేని సన్నని వడపోత గుండా పంపి, ఆ ద్రవాన్ని వ్యాధికారక బాక్టీరియాతో కలిపినపుడు బాక్టీరియా కరిగిపోవడం డెరెల్ గమనించాడు. ఇది బాక్టీరియాపై పరాన్నజీవిగా బ్రతికే వైరస్ అని 1917లో ప్రకటించాడు. ఇటువంటి దృశ్యాన్నే ఆంగ్లేయుడు ఫ్రెడరిక్ ట్వర్ట్ 1915లో వర్ణించినా, కారణాన్ని నిశ్చయించలేదు. ఇది వైరస్ కాదు, ఒక ఎంజైము మాత్రమేనని వాదించిన వారిలో నోబెల్ గ్రహీత జూల్స్ బోర్డే ముఖ్యుడు. 1940 ప్రాంతంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఫేజ్‌లు కంటికి కనబడడంతో డెరెల్ వాదమే నిలిచింది.

భారతదేశంలో

1927లో డెరెల్ భారతదేశానికి వచ్చి, పంజాబులో కలరా రోగులకు ఫేజ్ ఇచ్చాడు. ఊరి బావులలోనూ కలిపించాడు. ఆ పనిని పాట్నాలోను, అస్సాంలోను ఇతరులు 1936 వరకు కొనసాగించారు. మరణాలు తగ్గినట్లు నివేదికలు వచ్చాయి. అయితే కలరా తనంతట తానే పెరిగి తగ్గే వ్యాధి కావడంతో, ఆ తగ్గుదల ఎంతవరకు ఫేజ్‌ల ఫలితమో తేల్చడం కష్టమయ్యింది. పైగా ఒక్కొక్క ఫేజ్ కొన్ని రకాల బాక్టీరియానే చంపగలదు. రోగానికి తగిన ఫేజ్‌ను ఎన్నుకొనకపోతే చికిత్స వ్యర్థం.

చివరి దశ

1928 నుండి 1933 వరకు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. తరువాత సోవియట్ జార్జియాలోని టిబిలిసిలో మిత్రుడు గియోర్గి ఎలియావా స్థాపించిన సంస్థలో కొంతకాలం పరిశోధన చేశాడు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం ఎలియావాకు మరణశిక్ష అమలుచేసింది. డెరెల్ మరల అక్కడికి వెళ్ళలేదు. నోబెల్ బహుమతికి పలుమార్లు ప్రతిపాదింపబడినా అది లభించలేదు. 1949లో పారిస్‌లో మరణించాడు.

ప్రాముఖ్యత

పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్‌లు వచ్చాక పశ్చిమ దేశాలు ఫేజ్ చికిత్సను దాదాపు మరచాయి. జార్జియాలో మాత్రం అది కొనసాగింది. 1952లో హెర్షీ, చేజ్ అనే శాస్త్రవేత్తలు ఫేజ్‌లతోనే జన్యుపదార్థం డి.ఎన్.ఏ. అని చూపారు. నేడు మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతున్నందున, డెరెల్ చూపిన మార్గంపై విశ్వవిద్యాలయాలలో తిరిగి పరిశోధనలు సాగుతున్నాయి.