సూర్యుని వేడిమిని లెక్కించిన ఆచార్యుడు

ఆస్ట్రియా సామ్రాజ్యంలో క్లాగెన్‌ఫుర్ట్ నగర శివారున, సెయింట్ పీటర్ అనే చోట 1835 మార్చి 24న యోజెఫ్ స్టెఫాన్ జన్మించారు. తండ్రి పిండిమరలో పనివారు. తల్లి పరుల ఇండ్లలో పరిచారిక. ఇంటి భాష స్లోవేన్, నగరంలో విద్యకూ కొలువుకూ జర్మన్. విద్యార్థి దశలో ఆయన మాతృభాషా పత్రికలలో కవితలు, విజ్ఞాన వ్యాసాలు ప్రకటించారు. ఒక దశలో సన్యాసాశ్రమం స్వీకరింపదలచి, ఆ తలపు మాని 1853లో వియన్నా విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. 1863లో, ఇరవై ఎనిమిదవ యేట, అక్కడే ఆచార్య పదవి నలంకరించారు.

ఎర్రగా కాలిన ఇనుమును తాకకున్నా సెగ తగులుతుంది. ఇదే ఉష్ణ వికిరణం. వేడిమి హెచ్చినకొద్దీ ఈ సెగ ఏ లెక్కన హెచ్చుతుందన్నది ఆనాటి చిక్కుప్రశ్న. డ్యూలాంగ్, పెటీ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుల సూత్రం అధిక ఉష్ణోగ్రతలవద్ద పొసగలేదు.

టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు విద్యుత్తుతో కాల్చి పరీక్షించిన తీగ, ఈ ఉత్సవ సంచికకు తగినట్లే, ప్లాటినం తీగ! 525 డిగ్రీల నుండి 1200 డిగ్రీలకు చేరేసరికి దాని వికిరణం 11.7 రెట్లయినట్లు లెక్క. స్టెఫాన్ రెండు ఉష్ణోగ్రతలకూ 273 కలిపి, ఆ నిష్పత్తిని నాలుగవ ఘాతానికి హెచ్చించి చూడగా 11.6 వచ్చింది. ప్లాటినం ఈ నియమానికి పూర్తిగా లోబడదని తరువాత తేలినందున, ఇందులో అదృష్టం పాలు కొంత ఉన్నదనక తప్పదు. కాని ఆయన ఆ ఒక్క తీగనే నమ్ముకొనలేదు. వాయువులు వేడిని ఎంతమేరకు ప్రసరింపజేస్తాయో 1872లోనే స్వయంగా కొలిచి ఉన్నారు. ఆ జ్ఞానంతో డ్యూలాంగ్, పెటీల పాత కొలతలలో గాలి హరించిన వేడిని తీసివేసి, మిగిలినదానిని తిరిగి లెక్కించారు. అక్కడా నాలుగవ ఘాతమే నిలిచింది. ఇతరులు కొలిచి విడిచిన అంకెలను ఇంత ఓర్పుతో చదివినవారు అరుదు.

1879లో ప్రకటితమైన ఈ నియమంతోనే ఆయన సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రతను గణించారు. అంతకుముందు 1,800 డిగ్రీలన్నవారూ ఉన్నారు, కోటికి పైమాటే అన్నవారూ ఉన్నారు. స్టెఫాన్ లెక్కలో వచ్చినది సుమారు 5,430 డిగ్రీలు; నేటి విలువ దాదాపు 5,500.

1884లో ఆయన శిష్యుడు బోల్ట్‌జ్‌మన్ ఇదే నియమాన్ని సిద్ధాంతపరంగా నిరూపించడంతో అది గురుశిష్యులిద్దరి పేర ప్రసిద్ధమైంది. బాయిలర్లు, కొలిమిలు రూపొందించే ఇంజనీర్లకు నేటికీ అదే ఆధారం.

1893 జనవరి 7న వియన్నాలో స్టెఫాన్ కీర్తిశేషులయ్యారు. పరిశోధన పత్రాలు జర్మన్‌లో వ్రాసిన ఆయన పేరును, స్లోవేనియా రాజధాని లుబ్లియానాలోని ప్రధాన పరిశోధన సంస్థ స్లోవేన్ వర్ణక్రమంలోనే ధరించింది.